జపాను కత్తికి మిషన్ నూనె

ఇనుము గురించి నాకు తెలియనిది లేదని మా బాబాకు చెప్పింది నేనే. ఆయన అడగలేదు. అడగకుండానే గొప్పలు చెప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు, ఒమాన్ వచ్చాక ఇంకా ముదిరింది.

బాబా అంటే మా ఇంటి యజమాని. మస్కట్ పక్కన అల్ మవాలేలో ఆయన ఇంట్లో నేను డ్రైవర్ని. అంతకుముందు పదకొండేళ్లు వాడి కబీర్ అనే పేటలో ఒక వర్క్‌షాపులో గేట్లు, కిటికీ గ్రిల్స్ వెల్డింగ్ చేశాను. నడుం పట్టేసి ఇక బరువులు ఎత్తలేనని తేలాక లైసెన్సు సంపాదించి ఈ ఇంటికి చేరాను. బాబా పోర్టులో ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి. పిల్లలు ఎక్కడి వాళ్లక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో ఆయన, నేను, వంట చేసే అక్క. అక్కది కోనసీమ, నాది జగిత్యాల పక్క. ఇద్దరం మాట్లాడేది తెలుగేనని బాబాకు నమ్మకం కలిగించడానికి మాకు చాలా రోజులు పట్టింది.

ఆ ఇంటి మజ్లిస్‌లో, అంటే అతిథులను కూర్చోబెట్టే గదిలో, అద్దాల బీరువా నిండా వెండి పనితనం ఉన్న ఖంజర్లు, అంటే ఇక్కడి వంకీ కత్తులు, ఉండేవి. బీరువా నెత్తిన పొడుగాటి గుడ్డ సంచి ఒకటి ఉండేది. దాన్ని దులపబోతే బాబా వద్దనేవారు. అందులో ఏముందో నాకు తెలిసింది మొన్న దసరాకు పది రోజుల ముందు.

"సదీక్, నా దోస్తు వస్తున్నాడు, జపాను నుంచి" అన్నారు బాబా, అరబ్బీ ముక్కలు కలిసిన తన హిందీలో. సదీక్ అంటే మిత్రుడని, నన్ను అలాగే పిలుస్తారు. "వాళ్ల నాన్న కత్తి అది. పదిహేనేళ్ల కింద ఇక్కడి ఉద్యోగం వదిలి వెళ్తూ నాకు ఇచ్చాడు. వస్తే తప్పకుండా చూపించమంటాడు."

"ఎప్పుడన్నా బయటికి తీసిన్రా బాబా?" అని మన భాషలోనే అడిగి, నాలుక కరుచుకుని మళ్లీ హిందీలో అడిగాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. అంత మనిషి, పోర్టులో వందల మందిని అదిలించిన మనిషి, ఆ సంచి వైపు చూడ్డానికే జంకుతున్నారు. ఆయన బెంగ ఒక్కటే. స్నేహితుడు ఒరలోంచి లాగేసరికి తుప్పు కనబడితే, ఇన్నేళ్ల స్నేహంలో ఇచ్చిన ఒక్క వస్తువునూ కాపాడలేకపోయానన్న మాట. ఆ ముఖంతో స్నేహితుడి ముందు ఎలా కూర్చోవాలి?

అప్పుడే నేను ఇనుము గురించి నా గొప్ప చెప్పుకున్నాను. "అయితే ఇది నీ పని. ఖలాస్" అని సంచి నా చేతిలో పెట్టారు బాబా.

తీసి చూశాం. అంటే నేను తీశాను, ఆయన గుమ్మం దగ్గర నిలబడి చూశారు. దేవుడి దయ, తుప్పు లేదు. ఎప్పుడో రాసిన నూనె పసుపురంగుకు తిరిగి జిగురుగా అంటుకుపోయి ఉంది. ఆ జిగురే ఇన్నాళ్లూ ఇనుమును కాపాడింది. దాని కింద కనిపించీ కనిపించని మెరుపు ఒకటి ఉంది. నా జన్మలో నేను కోసిన, కాల్చిన, అతికిన ఇనుమంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

బాబా ఫోనులో స్నేహితుణ్ణి ఏదో వంకన అడిగితే, కత్తిని ఎలా చూసుకోవాలో ఆయన పొడుగాటి మెసేజి పంపాడు. పాత నూనె తుడవడానికి ఆల్కహాల్. తర్వాత మెత్తటి రైస్ పేపర్. మెత్తటి నూలు గుడ్డ. సన్నపాటి రాతిపొడి, అది పట్టుగుడ్డ మూటలో కట్టి ఉంటుందట. చివర లవంగం వాసన వచ్చే నూనె. పిడి ఊడదీయడానికి బుల్లి ఇత్తడి సుత్తి కూడా ఉంటుంది కానీ తెలియనివాళ్లు పిడి జోలికి పోవద్దు. కత్తిని వేళ్లతో తాకకూడదు. దాని మీదికి వంగి మాట్లాడకూడదు, నోటి తడి తగులుతుంది. గరుకు వస్తువు ఏదీ, ఎప్పుడూ తగలనివ్వకూడదు.

"మాట్లాడకూడదా? మరి పనెలా అవుతాదండీ?" అంది అక్క. ఆమెకు ఉల్లిపాయ తరగాలన్నా దానితో రెండు మాటలు చెప్పాలి.

ఆల్కహాల్ అన్న మాట వినగానే బాబా "అస్తగ్‌ఫిరుల్లా" అని దేవుణ్ణి క్షమించమన్నారు. సూది వేసే ముందు చేతికి రాసే స్పిరిటేనని చెప్పాక స్థిమితపడి, ఫార్మసీలో సీసా తెచ్చుకోమన్నారు. అదొక్కటే మాకు సులభంగా దొరికింది.

రైస్ పేపర్ దగ్గర అక్క నడుం బిగించింది. "రైస్ పేపరంటే ఇంకేటి తమ్ముడూ, పూతరేకే! బియ్యంతో చేసిన కాయితం. ఆ జపానోళ్లు కూడా మనోళ్లలాగే చేసుకుంటున్నారన్నమాట" అని లోపలికి వెళ్లి, ఊరి నుంచి వచ్చిన డబ్బాలోంచి చక్కెర వేయని ఉత్త రేకులు తెచ్చింది.

"అక్కా, గవి తినేటియి. గాయన చెప్పింది తుడిచే కాయిదం గావచ్చు."

"నీకేం తెల్దు. దీనికన్నా మెత్తటిది ఈ భూమ్మీద ఉంటే తీసుకురా చూద్దాం."

 మనసులో మాట చెప్పాలంటే, నాకూ కొంచెం నిజమేననిపించింది. అయినా వర్క్‌షాపు బుద్ధి కదా, ముందు అక్క కూరగాయల కత్తి మీద ప్రయత్నించాను. రేకు కత్తిని తాకీ తాకకముందే పొడిపొడిగా రాలి, నా లుంగీ నిండా పడింది. "పోనీలే, ఆయన రాసిన పొడి కూడా వచ్చేసింది" అంది అక్క. మిగిలిన రేకుల్లో బెల్లం, నెయ్యి వేసుకుని ఇద్దరం తిన్నాం. బాబా నాలుగు తిన్నారు.

తరువాత మెసేజిలో అడిగితే అసలు సంగతి తెలిసింది. ఆ పేపరు చెట్టు బెరడు నారతో చేసేది, బియ్యానికీ దానికీ సంబంధమే లేదు. దొరక్కపోతే రంగూ వాసనా లేని మెత్తటి టిష్యూ చాలు, లోషన్ రాసిన రకం మాత్రం వద్దు. నేను సూపర్ మార్కెట్లో టిష్యూ డబ్బాలు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంటే అక్కడి పిల్ల నన్ను వింతగా చూసింది. సగం డబ్బాల్లో గులాబీ, మిగతా సగంలో కలబంద. ఏ వాసనా లేనిది అన్నిటికన్నా కింది అరలో, అన్నిటికన్నా చవకది దొరికింది.

గుడ్డ విషయంలో అక్క పగ తీర్చుకుంది. నేను కార్ల షాపులో కొన్న కొత్త గుడ్డను బుగ్గకు ఆనించి, గీసుకుంటోందని పక్కన పారేసింది. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి మెత్తబడ్డ తన నేతచీర ఒకటి తీసి, అంచు కత్తిరించేసి, మధ్య ముక్కలు చేసి ఇచ్చింది. "మా పిల్లలకి పొత్తిగుడ్డలు ఇయ్యే ఏశాను. పసిపిల్లలకి గుచ్చుకోంది నీ కత్తికి గుచ్చుకుంటాదా?" పొత్తిగుడ్డ అన్న మాట వినగానే నేను ఒప్పేసుకున్నాను. అంతకు మించిన గుడ్డ ఏ దేశంలోనూ అమ్మరు.

రాతిపొడిని జాబితాలోంచి నేనే కొట్టేశాను. అక్క ముఖానికి రాసే పౌడరు తెస్తానంది కానీ, ఏ పొడి ఎంత సన్నమో తెలియకుండా అలాంటి ఇనుము మీద వేయడానికి నాకు ధైర్యం చాలలేదు. గ్రైండింగ్ చేసినవాడికి పొడి అంటే భయం ఉంటుంది.

ఇక నూనె. లవంగం అనగానే అక్క పంటినొప్పికి పెట్టుకునే లవంగ నూనె సీసా తెచ్చింది. మూత తీయగానే బాబా సోఫాలో కూలబడి, తన చిన్నతనం జాంజిబార్ దీవిలో గడిచిందని, వాకిలి నిండా లవంగాలు ఎండేవని అరగంట చెప్పారు. చెప్తున్నంతసేపూ సీసా వదల్లేదు. కానీ ఆ నూనె ఘాటు నా వేలినే మండించింది. మళ్లీ మెసేజి పెట్టాం. లవంగ నూనె పేరుకు ఒక్క చుక్కే, మిగిలినదంతా పల్చటి తెల్లటి ఖనిజ నూనె, అసలు లవంగం లేకపోయినా పరవాలేదని జవాబు వచ్చింది.

పల్చటి తెల్లటి నూనె అనగానే నాకు మా అమ్మ మిషన్ గుర్తుకొచ్చింది. మా ఊళ్లో మిషన్ అంటే ఒక్కటే, బట్టలు కుట్టేది. దానికి ముక్కు పొడుగ్గా ఉన్న డబ్బాతో చుక్క చుక్క నూనె వేసేది అమ్మ. ఆ ఊపులో వాడి కబీర్‌లో నాకు తెలిసిన హార్డ్‌వేర్ షాపుకు పోయి "మిషన్ ఆయిల్" అన్నాను. మలయాళీ షాపతను లోపలి నుంచి నాలుగు లీటర్ల కంప్రెసర్ నూనె డబ్బా మోసుకొచ్చి బల్ల మీద దబ్బున పెట్టాడు. వర్క్‌షాపుల పేటలో తిరిగేదల్లా మిషనే. పదకొండేళ్లు అక్కడే పనిచేసిన నాకు ఆ సంగతి తట్టలేదు. బట్టలు కుట్టే మిషనని నా చొక్కా చూపించి చెప్తే, పడీపడీ నవ్వి రువీలో దర్జీల సామాన్లు అమ్మే షాపు గుర్తులు చెప్పాడు. అక్కడ దొరికింది, నీళ్లలా తెల్లగా, వాసన లేకుండా, అరచేతిలో పట్టే సీసాలో. ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి ఎండలో పెట్టి చూశాను. మరక పచ్చబడలేదు. ఆ సాయంత్రం నేను ఇంటికి బండి నడిపిన తీరు చూస్తే రాజ్యం గెలిచి వస్తున్నాననుకునేవారు.

మరునాడు పని మొదలుపెట్టాం. అక్కను గదిలోకి రావద్దన్నాను, వచ్చింది, పమిట నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. స్పిరిట్ తడిపిన టిష్యూతో పాత జిగురు తుడిచాను. తర్వాత పొడి టిష్యూ, తర్వాత పొత్తిగుడ్డ. మొదలు నుంచి మొన దాకా ఒకే దారిన, మళ్లీ మొదలు నుంచి. జిగురు పోయేకొద్దీ అంచు పొడుగునా పొగమంచు పట్టినట్టు ఒక తెల్లని గీత అలలు అలలుగా బయటపడింది. బాబా కూడా గుమ్మం దగ్గర నుంచి మెడ చాచి చూశారు. నూనె రాసి ఒరలో పెట్టేదాకా అక్క ఒక్క మాట మాట్లాడలేదు, ఆ తర్వాత రెండు రోజులు ఇంకో సంగతి మాట్లాడలేదు.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ దసరా వచ్చింది.

వర్క్‌షాపు రోజుల నుంచీ దసరాకు నేను పనిముట్లకు పూజ చేస్తాను. ఈసారీ ఇంటి వెనక షెడ్డులో కారు, జాకీ, స్పానర్లు, అక్క మిక్సీ, ఇస్త్రీ పెట్టె వరసగా పెట్టి గంధం, కుంకుమ బొట్లు పెడుతున్నాను. బాబా మసీదుకు వెళ్లారు. అప్పుడు బుద్ధి పుట్టింది. పేరేమో ఆయుధపూజ. ఇన్నేళ్లుగా నేను పూజ చేస్తున్నది స్పానర్లకు. అసలు సిసలు ఆయుధం ఇంట్లో ఉంది, పైగా దానికి సేవ చేసింది నేను, దాన్ని వదిలేసి జాకీకి బొట్టు పెడితే ఎంత తప్పు?

మజ్లిస్‌లోకి వెళ్లి జానెడు కత్తిని ఒరలోంచి లాగాను. వేలు తగలకూడదని అగ్గిపుల్లతో పెట్టాను బొట్టు. నా జాగ్రత్త చూడండి! నీళ్లతో తడిపిన గంధం, దాని మీద కుంకుమ. దండం పెట్టుకున్నాను. పండగ పూట బొట్టు తుడవడం మంచిది కాదని అలాగే ఒరలో పెట్టేశాను.

మూడో రోజు తీసి తుడిచాను. కుంకుమ పోయింది. దాని కింద పెసరగింజంత ఇంకో ఎరుపు ఉంది, అది పోలేదు.

 స్నేహితుడు రావడానికి నాలుగు రోజులుంది. పదిహేనేళ్లు ఎవరూ పట్టించుకోకపోయినా పట్టని తుప్పును, పట్టించుకున్న నేను పట్టించాను. కారు డిక్కీలో నా పాత సామాన్లలో ఇనుము అరగదీసే ఎమరీ కాగితం, అన్నిటికన్నా సన్నరకం, ఉంది. తెచ్చాను. రెండు రుద్దులకు పోతుంది, నా చెయ్యి ఆ పని లక్షసార్లు చేసింది. కాగితాన్ని మరక దాకా తీసుకెళ్లాను కూడా. కానీ మరక పోయినచోట చుట్టూ ఉన్న మెరుపు కన్నా వేరే మెరుపు వస్తుందని, అది దాచలేనిదని కూడా ఆ చెయ్యికి తెలుసు.

"రుద్దకు తమ్ముడూ. బాబాగారికి చెప్పెయ్" అంది అక్క గుమ్మంలోంచి.

"చెప్త. రేపు చెప్త."

మరునాడు బాబా తన అక్కగారికి హల్వా ఇచ్చి రమ్మని నన్ను నిజ్వా పంపారు. దారి పొడవునా మాటలు పేర్చుకుంటూ పోయాను. అక్కడి సూక్‌లో, అంటే బజారులో, మా ఇంటి ఖంజర్లు బాగుచేసే ముసలి కంసాలి ఒకాయన ఉన్నాడు. ఫోనులో మరక ఫొటో చూపించాను.

"రుద్దావా?" అన్నాడు.

"లేదు."

"మంచిది. పోయిన ఇనుము మళ్లీ రాదు. నూనె పట్టించి ఉంచు, ఇంక పాకదు. నీ కఫీల్‌కు, అదే బాబాకు, చెప్పావా?"

"ఇంకా లేదు."

"మరి నా దగ్గరికెందుకు వచ్చావు?" అని ఫోను నా చేతిలో పెట్టి తన పనిలో పడ్డాడు. నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు.

అయినా చెప్పడానికి మరి మూడు రోజులు పట్టింది. అతిథిని తేవడానికి ఎయిర్‌పోర్టుకు బయలుదేరాం. పదిహేను నిమిషాల దారి. మొదటి రౌండబౌటు దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను, బొట్టు, అగ్గిపుల్ల, ఎమరీ కాగితం, అన్నీ.  తిడతారనుకున్నాను. పని పోయిందనే అనుకున్నాను. పార్కింగులో బండి ఆపాక బాబా నా వైపు తిరిగి, "మరక ఒక పక్కనే ఉందా, రెండు పక్కలా?" అని అడిగారు.

"ఒక పక్కనే బాబా."

"అయితే ఆ పక్క కిందికి పెడదాం" అన్నారు, ఎవరైనా వింటారేమోనని గొంతు తగ్గించి. అంత గడ్డం ఉన్న పెద్దాయన అలా అంటే నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆ అతిథి బక్కపలుచటి మనిషి, బాబా వయసువాడే. ఇద్దరూ కావలించుకుని చాలాసేపు వదల్లేదు. ఇంటికొచ్చి ఖర్జూరాలు, కహ్వా కాఫీ అయ్యాక, బాబా చెప్పినట్టే మరక కిందికి వచ్చేలా కత్తిని ఒరతోనే బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పెట్టాను. ఆయన రెండు చేతులతో ఎత్తి, కళ్లకద్దుకున్నంత పని చేసి, మెల్లగా ఒర తీశాడు. వెలుగు వైపు పట్టుకుని పైనుంచి కిందికి చూశాడు. తల ఊపాడు. బాబా ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఆయన, ఎవరైనా చేసే పనే, కత్తిని తిప్పి రెండో వైపు చూశాడు.

మరక కనబడింది.

"సముద్రపు గాలి" అన్నారు బాబా ఇంగ్లీషులో. "ఇక్కడ తేమ ఎక్కువ. నేను... చాలా ప్రయత్నించాను."

నా తప్పుకు ఆయన తల దించుకోవడం చూడలేకపోయాను. "నో సార్" అన్నాను. "గాలి కాదు. నేను." నాకు వచ్చిన ఇంగ్లీషు, హిందీ కలిపి, ఏడాదికోసారి మా పనిముట్లకు మొక్కుతామని, బొట్టు పెడతామని చెప్పాను. బొట్టంటే ఏమిటో ఆయనకు అర్థం కాలేదు. కహ్వా పళ్లెంతో నిలబడ్డ అక్క ముందుకొచ్చి తన నుదురు చూపించింది. "ఇదేనండి. మంచికే పెట్టాడండి, తెలీక" అంది, తెలుగులోనే.

ఆయన అక్క నుదుటి వైపు చూశాడు, మరక వైపు చూశాడు. తర్వాత కత్తిని ఇంకొంచెం వెలుగుకు జరిపి, మొనకు బెత్తెడు కిందగా అంచు మీద ఒక చోటు గోటితో చూపించాడు. ఆవగింజలో సగం ఉంటుంది, చిన్న నొక్కు. అన్నిసార్లు తుడిచిన నేను కూడా గమనించలేదు.

"ఇది నాది" అన్నాడు. "పడుచుతనంలో స్నేహితుల ముందు గొప్పకు పోయి బట్టలారేసే వెదురుబొంగు నరికాను. లోపల మేకు ఉంది. నాన్న చూశాడు. ఏమీ అనలేదు. నూనె రాసి ఒరలో పెట్టాడు. నీకిచ్చేటప్పుడు కూడా ఈ మాట చెప్పడానికి సిగ్గేసింది నాకు." ఈ చివరి మాట బాబాతో అన్నాడు.

ముందు నవ్వింది బాబా. తర్వాత ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. నవ్వి నవ్వి బాబా ఉన్నట్టుండి ఆగి, "నీ గుర్తు ఉంది, నా డ్రైవర్ గుర్తు ఉంది. పదిహేనేళ్లు నా ఇంట్లో ఉంది, నేను దీన్ని ముట్టుకోను కూడా లేదు, పాడవుతుందని" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు.

అతిథి కత్తిని ఆయన ముందుకు చాపాడు. బాబా తన పొడుగు అంగీ, దిష్‌డాషా, చేతులు పైకి మడుచుకుని, కూర్చున్న చోటు సర్దుకుని, అందుకున్నారు. ఎలా పట్టుకోవాలో స్నేహితుడు మణికట్టు పట్టుకుని చూపించాడు. నేను పొత్తిగుడ్డ అందించాను. మొదలు నుంచి మొన దాకా ఒకసారి తుడిచారు. మరక దగ్గర చెయ్యి ఆగలేదు. సీసాలోంచి నూనె ఎక్కువ పోసుకుంటే స్నేహితుడు కసిరాడు, బాబా తిరిగి కసిరారు. ఆ గదిలో ఇక నాతో ఎవరికీ పని లేకపోయింది. సంతోషంతో పాటు కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది నాకు, దాచడమెందుకు. అంత కష్టపడి వెతికి తెచ్చిన సామాన్లన్నీ నావి.

పని అయ్యాక ఒరలో పెట్టి, బీరువా మీద పెట్టమని నాకిచ్చారు. స్టూలెక్కి పైకి చాపుతుంటే కింద నుంచి అరిచారు.

"మెల్లగా, సదీక్! నా కత్తి అది."

ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి.